విశాఖ నుంచి అరకు, పాడేరు: స్నేహితులతో రెండు రోజుల ఘాట్ రైడ్‌కి సమగ్ర మార్గదర్శి

ఘాట్ రోడ్డు మీద ఒంటరిగా బండి నడపడం వేరు, ఏడెనిమిది మంది కలిసి నడపడం వేరు. ఒంటరిగా వెళ్తే మన వేగం మన చేతిలో ఉంటుంది. గుంపులో వెళ్తే ముందున్న బండి మన వేగాన్ని నిర్ణయించడం మొదలవుతుంది. ఆ మలుపులో వాడు 50లో తిరిగాడు కదా, నేనూ తిరగగలను అనిపిస్తుంది. వాడి బండి వేరు, వాడి టైర్లు వేరు, వాడు ఆ దారిలో ఎన్నోసార్లు తిరిగి ఉంటాడు. ఇవేవీ ఆ క్షణంలో గుర్తుకు రావు. గుంపు రైడ్‌లో ప్రమాదం మొదలయ్యేది అక్కడే. అందుకే ఇక్కడ చెప్పబోయే పద్ధతులన్నిటి ఉద్దేశం ఒకటే: వెనక ఉన్నవాడికి ముందువాళ్ళను అందుకోవాలనే తొందర కలగకూడదు. ఆ ఏర్పాటు కుదిరితే మిగతా రైడ్ అంతా హాయిగా సాగిపోతుంది.

దారిగా విశాఖ, ఎస్.కోట (శృంగవరపుకోట), అనంతగిరి ఘాట్, అరకు, పాడేరు, మాడుగుల, చోడవరం, మళ్ళీ విశాఖ అనే చుట్టును తీసుకుంటున్నాను. రెండు రోజులకు మొత్తం సుమారు 270 కిలోమీటర్లు. హైవే మీద ఇది పూటలో అయిపోయే దూరం. కొండల్లో, గుంపుగా, ఆగుతూ పోతే రెండు రోజులకు సరిగ్గా సరిపోతుంది. ఈ చుట్టును ఈ దిక్కులోనే తిరగమని గట్టిగా చెబుతాను. అనంతగిరి ఘాట్ పాడేరు ఘాట్ కంటే వెడల్పు, పైగా మొదటిరోజు దాన్ని ఎక్కుతాం. కొత్తవాళ్ళకు ఎక్కడం తేలిక, దిగడం కష్టం. ఒక రోజంతా మలుపులు తిరిగి చెయ్యి కుదురుకున్నాక, రెండోరోజు ఇరుకైన పాడేరు ఘాట్ దిగుతాం. తిరగేసి వెళ్తే కష్టమైన ఘాట్ ముందే వచ్చిపడుతుంది.

ఎప్పుడు వెళ్ళాలి, ఎంతమంది వెళ్ళాలి

అక్టోబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానాకాలంలో కొండలు చూడటానికి అద్భుతంగా ఉంటాయి కానీ రోడ్డు మీదకు మట్టి, రాళ్ళు జారిపడతాయి, మలుపుల్లో బురద పేరుకుంటుంది. కొత్తవాళ్ళున్న గుంపుతో అప్పుడు వద్దు. నవంబరు, డిసెంబరులో వలిసె పూలు పూసి పొలాలన్నీ పసుపుపచ్చగా ఉంటాయి. అయితే అదే సమయంలో శని, ఆదివారాల్లో కార్లు, టూరిస్టు బస్సులు బారులు తీరతాయి. సెలవు దొరికితే ఆది, సోమవారాలు పెట్టుకోండి, రోడ్డు సగానికి సగం ఖాళీగా ఉంటుంది. డిసెంబరులో గది ముందే బుక్ చేసుకోకపోతే అరకులో చీకటిపడ్డాక వెతుక్కోవాల్సి వస్తుంది.

ఆరు నుంచి ఎనిమిది బండ్లు మంచి సంఖ్య. పది దాటితే రెండు గుంపులుగా విడగొట్టండి. ప్రతి గుంపుకీ ముందుండే మనిషి, చివర ఉండే మనిషి వేరువేరుగా ఉండాలి. పన్నెండు బండ్లు ఒకే వరసలో పోతే వెనక వస్తున్న బస్సుకు దాటడానికి సందు దొరకదు. డ్రైవరు విసిగిపోయి మలుపులో దాటేస్తాడు.

ఎవర్ని రమ్మనాలో కూడా ఆలోచించాలి. లైసెన్సు లేనివాళ్ళు, లెర్నర్ లైసెన్సుతో ఉన్నవాళ్ళు వెనక సీట్లో రావచ్చు, హ్యాండిల్ పట్టుకోకూడదు. సిటీలో స్కూటీ తప్ప గేర్ల బండి నడపని స్నేహితుడు ఈ రైడ్ కోసం ఎవరి బుల్లెట్టో అడిగి తెస్తానంటే ఒప్పుకోకండి. తన అలవాటైన బండి మీదే రమ్మనండి. 100 సీసీ బండి అరకు ఎక్కలేదనేది అపోహ. రోజూ ఎన్నో ఎక్కుతున్నాయి. అలవాటు లేని బండే అసలు ఇబ్బంది.

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో రైల్లో వచ్చి విశాఖలో బండి అద్దెకు తీసుకునేవాళ్ళు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండినే తీసుకోండి. అద్దెకిచ్చే అనుమతి ఉన్న బండికి అదే గుర్తు. తెల్ల ప్లేటు బండి చవగ్గా వస్తుంది కానీ ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కుల్లో పడతారు.

వారం ముందు: బండి పని

సర్వీసింగ్ ముందురోజు చేయించకండి. కనీసం నాలుగైదు రోజుల ముందు చేయించి, ఆ తర్వాత రోజూ నడపండి. మెకానిక్ బిగించడం మర్చిపోయిన నట్టు ఏదైనా ఉంటే సిటీలోనే బయటపడుతుంది.

ఘాట్‌కు ముఖ్యమైనవి బ్రేకులు, టైర్లు, చైను, క్లచ్. డిస్క్ ప్యాడ్లు అరిగాయా, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు అని మెకానిక్‌ను అడగండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన పాత ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. పొడవాటి దిగుడులో లివరు మెత్తగా అయిపోవడానికి ఒక కారణం ఇదే. డ్రమ్ బ్రేకులైతే షూలు చూపించండి, అరిగినవి మార్పించండి.

టైరు మధ్యలో గాడులు బాగానే కనిపిస్తున్నా పక్కలు చూడండి. మలుపులో రోడ్డును పట్టుకునేవి పక్కలే. గాలి ఎంతుండాలో బండి మీదో మాన్యువల్లోనో రాసి ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. వెనక మనిషి, సామాను ఉంటే వెనక టైరుకు ఇంకొంచెం ఎక్కువ ఉండాలని అందులోనే ఉంటుంది. వెనక షాక్‌ని ఒకటి రెండు గాట్లు బిగించండి. బరువుకి వెనక కిందికి దిగితే ముందు చక్రం తేలికై, మలుపులో హ్యాండిల్ మాట వినదు. హెడ్‌లైటు కూడా పైకి లేచి ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొడుతుంది.

గుంపు మొత్తానికి కలిపి సామాను పట్టికను ఒక్కరే తయారుచేయండి. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు, ట్యూబు టైరున్న బండి ఉంటే దాని సైజు ట్యూబు, ప్రతి బండికీ దాని క్లచ్ కేబుల్, ఒకటి రెండు స్పార్క్ ప్లగ్గులు, ఫ్యూజులు, స్పానర్లు, చైన్ లూబ్, టేపు, తాడు, టార్చి. మందుల సంచిలో గాజు గుడ్డ, వెడల్పాటి బ్యాండేజీలు, యాంటీసెప్టిక్, వాంతులకు మాత్రలు ఉండాలి. ఘాట్ మలుపులకు వెనక కూర్చున్నవాళ్ళకు కడుపులో తిప్పడం మామూలే.

హెల్మెట్ గురించి ఎవరితోనూ బేరం లేదు. ఐఎస్ఐ గుర్తు ఉన్నది, గడ్డం కింద బకిల్ పెట్టుకున్నది, నడిపేవాళ్ళకే కాక వెనక కూర్చున్నవాళ్ళకూ. 2021 జూన్ నుంచి దేశంలో ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. ముఖం మొత్తం కప్పేది తీసుకోండి. నల్లటి వైజరు వద్దు, పొగమంచులోకి వెళ్ళగానే ఏమీ కనిపించదు. జీన్స్, చీలమండ కప్పే బూట్లు, గ్లౌజులు ఉండాలి. శీతాకాలం ఉదయాల్లో అరకు ప్రాంతంలో చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది. గ్లౌజులు లేకుండా అరగంట నడిపితే వేళ్ళు మొద్దుబారి బ్రేక్ ఎంత పట్టుకున్నామో తెలియదు. జెర్కిన్ లోపల రెండు పలచని పొరలు వేసుకుంటే, కిందికి దిగుతున్నకొద్దీ ఒక్కొక్కటే విప్పుకోవచ్చు.

ముందుగా మాట్లాడుకోవాల్సినవి

బయలుదేరే ముందు రాత్రి వాట్సాప్‌లో కాదు, ఉదయం అందరూ కలిసినచోట పది నిమిషాలు నిలబడి మాట్లాడుకోండి. ఇది లేకుండా బండి స్టార్ట్ చేయొద్దు.

మొదట ముందుండే మనిషిని, అంటే లీడ్‌ని, ఎంచుకోండి. దారి తెలిసి ఉండాలి, అంతకంటే ముఖ్యంగా ఓపిక ఉండాలి. గుంపులో అందరికంటే వేగంగా నడిపేవాణ్ణి ముందు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. అద్దంలో వెనక చూసుకుంటూ నడిపే అలవాటున్నవాళ్ళే ఈ పనికి తగినవాళ్ళు. చివర ఉండే మనిషిని స్వీప్ అంటారు. నా దృష్టిలో గుంపులో అతి ముఖ్యమైన చోటు అదే. బాగా అనుభవం ఉన్నవాళ్ళు, కాస్త మెకానిక్ పని తెలిసినవాళ్ళు స్వీప్‌గా ఉండాలి. పనిముట్లు, మందుల సంచి స్వీప్ బండిలోనే ఉండాలి, ఎందుకంటే ఎవరికేమైనా చివరికి వాళ్ళ దగ్గరికి చేరేది స్వీపే.

కొత్తవాళ్ళను సరిగ్గా లీడ్ వెనక పెట్టండి. తర్వాత వెనక మనుషులున్న బండ్లు, చిన్న బండ్లు. అనుభవజ్ఞులు వెనక సగంలో. ఎందుకంటే గుంపు రబ్బరులా సాగుతుంది, ముడుచుకుంటుంది. ముందున్నవాడు ఒక మలుపు దాటి వేగం పెంచినప్పుడు వెనకవాళ్ళు ఇంకా మలుపులోనే ఉంటారు. బయటికొచ్చేసరికి దూరం పెరిగిపోయి ఉంటుంది, అందుకోవడానికి ఇంకా గట్టిగా తిప్పుతారు. ముందు 40లో సాఫీగా పోతున్నా చివరివాళ్ళు ఒక్కోసారి 60 పోవాల్సి వస్తుంది. కొత్తవాణ్ణి చివర పెట్టడమంటే ఆ బరువంతా అతని మీద వేయడమే. లీడ్ వెనక ఉంటే లీడ్ అతని వేగాన్ని చూసుకుని తన వేగం సరిచేసుకుంటాడు. దాంతో గుంపు అంతా అతని వేగానికి వస్తుంది.

రెండో సంగతి, దారి చీలే చోట ఏం చేయాలి. కూడలి దగ్గర లీడ్ తన వెనక బండిని పక్కన ఆపుతాడు. ఆ మనిషి స్వీప్ వచ్చేదాకా అక్కడే నిలబడి అందరికీ దారి చూపిస్తాడు. స్వీప్ కనిపించాక, స్వీప్‌కి ముందు తానూ వరసలో కలుస్తాడు. కొత్తవాడు లీడ్ వెనక ఉంటే, అతణ్ణి కదపకుండా మూడో బండిని ఆపండి. ఎప్పుడూ ముందూ వెనకా బండ్లు కనబడాల్సిన పనిలేదని ఒకసారి తెలిస్తే ఎవరికీ టెన్షన్ ఉండదు. ఎంత వెనకబడ్డా తర్వాతి కూడలిలో ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఈ దారిలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల పోతుంది, కాబట్టి కాల్ చేసి కనుక్కుందాం అనుకోవద్దు. అందరూ ఆఫ్‌లైన్ మ్యాపు దింపుకోండి.

మూడోది, చేతి సైగలు. కుడిచేయి యాక్సిలరేటర్ మీద ఉంటుంది కాబట్టి సైగలన్నీ ఎడమచేత్తోనే. ఒక వేలు పైకెత్తితే ఒకే వరస. రెండు వేళ్ళైతే అటొకరు ఇటొకరు. అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మదించమని. ఎడమ పక్క గుంతకు ఎడమచెయ్యి, కుడి పక్క గుంతకు కుడికాలు చాపి చూపడం. ట్యాంకు మీద తట్టితే పెట్రోలు. వచ్చిన సైగను ప్రతివాళ్ళూ వెనకకు అందించాలి. ఘాట్‌లో, మలుపు మధ్యలో మాత్రం సైగ చేయొద్దు, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలి.

చివరగా, ఒక కాగితం మీద అందరి రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ళ నంబరు రాసి రెండు కాపీలు లీడ్, స్వీప్ దగ్గర ఉంచండి. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లో ఉన్నా సిగ్నల్ లేని చోట పనికిరావు, కాగితం కాపీలు తెచ్చుకోండి. ఏజెన్సీలో గంజాయి కోసం పోలీసు తనిఖీలు మామూలే. మర్యాదగా ఆగి బ్యాగు తెరిచి చూపిస్తే రెండు నిమిషాల్లో పంపించేస్తారు. దారిలో ఎవరైనా విశాఖలో ఇవ్వమని పార్సిల్ ఇస్తే, ఎంత చిన్నదైనా తీసుకోకండి.

శనివారం: పెందుర్తి నుంచి ఘాట్ మొదలు దాకా

ఆరు గంటలకల్లా పెందుర్తిలో కలుసుకుంటే సిటీ ట్రాఫిక్ తప్పుతుంది. కొత్తవలస మీదుగా ఎస్.కోట దాకా మైదానమే. ఈ భాగంలో అటొకరు ఇటొకరుగా పోవచ్చు: లీడ్ తన వరసలో కుడివైపు, తర్వాతి బండి ఎడమవైపు, మళ్ళీ కుడి. మీ ముందు పక్కవరసలో ఉన్న బండికి ఒక సెకను, మీ సూటిగా ముందున్న బండికి కనీసం రెండు సెకన్లు ఎడం. ముందు బండి ఒక చెట్టునో రాయినో దాటగానే లెక్కపెట్టుకుంటే తెలిసిపోతుంది. పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోవడం మాత్రం వద్దు, గుంత వస్తే తప్పుకునే చోటుండదు.

ఎస్.కోటలో టిఫిన్ చేసి, బంకులో అందరూ ట్యాంకులు నింపండి. అరకులో, పాడేరులో బంకులున్నా ఘాట్ ముందు నింపుకోవడం మంచి అలవాటు. ఇక్కడే లీడ్ ఒకసారి అందరితో మాట్లాడాలి. ఎవరైనా వేగం ఎక్కువైంది అంటే, ఏమాత్రం వెక్కిరించకుండా తగ్గించాలి. అలా చెప్పగలిగే వాతావరణం ఉన్న గుంపే క్షేమంగా తిరిగొస్తుంది.

ఘాట్ ఎక్కడం

బౌడార దాటాక కొండలు దగ్గరపడతాయి. ఇక్కడి నుంచి ఒకే వరస, ఎడం మూడు నాలుగు సెకన్లు. టైడా, డముకు వ్యూపాయింట్, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట మీదుగా అరకు చేరతాం. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కూడా ఈ కొండల్లోనే సొరంగాల్లో దూరి బయటికొస్తూ సాగుతుంది.

మలుపు తిరిగే పద్ధతి అందరికీ తెలుసనుకుంటాం. తెలియదు. బ్రేకు, గేరు మార్చడం రెండూ మలుపు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. తర్వాత చూపును మలుపు చివరికి తిప్పాలి. తల తిప్పండి, కళ్ళు తిప్పితే చాలదు. బండి మనం చూసినవైపే పోతుంది. లోయ అంచు వైపు భయంగా చూస్తే అటే పోతుంది, ఎదురొచ్చే లారీని చూస్తూ ఉండిపోతే దాని మీదకే పోతుంది. బయటికి దారి కనిపించాక మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వాలి. లోపలికి వెళ్ళాక వేగం ఎక్కువైందనిపిస్తే ముందు బ్రేకు గట్టిగా నొక్కకండి. బండిని ఇంకొంచెం వంచి, వెనక బ్రేకు మెత్తగా తాకి, చూపు మలుపు చివరే ఉంచండి.

కుడి మలుపులో ఒక అపాయం ఉంది, చాలామంది గమనించరు. చక్రాలు మన వరసలోనే ఉన్నా, బండి కుడికి వంగినప్పుడు మన తల, భుజం మధ్యగీత దాటి ఎదురు వరసలోకి వెళ్తాయి. ఎదురుగా బస్సు వస్తే తగిలేది తలకే. అందుకని కుడి మలుపులో ఎడమ అంచుకు దగ్గరగా తిరగాలి, మరీ కంకరలోకి కాదు. ఎడమ మలుపులో ఇబ్బంది వేరు: వేగం ఎక్కువైతే బండి బయటికి జరిగి ఎదురు వరసలోకి పోతుంది. అందుకే ఎడమ మలుపులోకి ఇంకా నెమ్మదిగా వెళ్ళాలి.

హెయిర్‌పిన్ వంపుల దగ్గర ఆర్టీసీ బస్సుకు రోడ్డంతా కావాలి. అది డ్రైవరు తప్పు కాదు, అంత పొడవు బండి అలాగే తిరుగుతుంది. పైనుంచి బస్సు కనిపించగానే వంపు ముందే ఎడమకు ఆగి దాన్ని తిరగనివ్వండి. ఇరుకు చోట ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలని నియమం ఉన్నా, బస్సుతో ఆ హక్కు గురించి పంతం వద్దు. కనబడని ప్రతి మలుపు దగ్గరా హారన్ కొట్టండి.

ఓవర్‌టేక్ ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. లీడ్ లారీని దాటాడని రెండోవాడు కళ్ళు మూసుకుని వెంటపడకూడదు. అతను దాటినప్పుడున్న ఖాళీ ఇప్పుడు ఉండదు. దాటినవాళ్ళు దాటగానే నెమ్మదించకుండా వెనకవాడికి చోటు మిగిల్చేంత ముందుకు వెళ్ళాలి.

చిన్న బండ్లను పెద్ద గేర్లో గుంజకండి. ఇంజిన్ కొట్టుకుంటున్న శబ్దం వస్తే వెంటనే గేరు దించండి. సెకండ్‌లో హాయిగా ఎక్కే చోట థర్డ్‌లో ముక్కిస్తే ఇంజిన్ వేడెక్కుతుంది. గాలికొండ దగ్గర కాఫీ తాగుతూ పావుగంట ఆగితే బండి, మనిషి ఇద్దరూ చల్లబడతారు.

ఆగేటప్పుడు మలుపులో ఎప్పుడూ ఆగొద్దు, ఫోటో ఎంత బాగా వచ్చినా సరే. రోడ్డు నుంచి పూర్తిగా దిగే చోటు చూసుకోండి. వాలులో ఉన్నప్పుడు బండి ముఖం ఎత్తు వైపు ఉంచి, ఫస్ట్ గేర్లో వేసి సైడ్ స్టాండు దించండి. పల్లం వైపు పెడితే ముందుకు జరిగి స్టాండు మడుచుకుని పడిపోతుంది. పక్కన బండి ఉంటే దాన్నీ పడేస్తుంది.

పొగమంచు వస్తే హై బీమ్ వేయకండి. వెలుగు మంచుకు కొట్టి మన కళ్ళల్లోకే తిరిగొస్తుంది. లో బీమ్‌తో, వైజరు కొంచెం తెరిచి, ఎడమ అంచు గీత చూసుకుంటూ పోవాలి. పది మీటర్లు కూడా కనబడకపోతే అందరూ రోడ్డు దిగి ఆగండి. ఉదయపు మంచుకు రోడ్డు, ముఖ్యంగా చెట్ల నీడలో, తొమ్మిది గంటలదాకా తడిగా ఉంటుంది. తడి ఆకులు, మలుపుల్లో కొట్టుకొచ్చిన ఇసుక, పనులు జరిగే చోట కంకర, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, ఇవన్నీ వచ్చినప్పుడు వంచకుండా, బ్రేకు పట్టకుండా, నిటారుగా దాటాలి.

బొర్రా గుహలు చూడాలంటే మెయిన్ రోడ్డు వదిలి లోపలికి వెళ్ళాలి. రద్దీ రోజుల్లో సగం పూట అక్కడే పోతుంది. గుంపు రైడ్‌లో బొర్రా వద్దనే అంటాను, దానికి ఇంకోసారి ఇంట్లోవాళ్ళతో రండి.

అరకులో సాయంత్రం

శీతాకాలంలో ఇక్కడ ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. నాలుగింటికే గది చేరిపోండి. చీకట్లో ఘాట్ నడిపే ప్రశ్నే లేదు. బండ్లు ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే చైనుకు లూబ్ కొట్టి, టైర్లలో మేకులేమైనా ఉన్నాయా చూసి, వదులైన బంగీ తాళ్ళు బిగిస్తే రేపటి పని సగం అయిపోతుంది.

బొంగు చికెన్ తినకుండా ఎవరూ రారు. వెదురు బొంగులో నిప్పుల మీద కాలాలి కాబట్టి టైం పడుతుంది, ముందే చెప్పి పెట్టుకోండి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇంటికి పొడి కొనుక్కోవాలంటే ఇక్కడే కొనండి. థింసా ఆడే ఆదివాసీ ఆడవాళ్ళతో, సంతకు వచ్చినవాళ్ళతో ఫోటోలు దిగాలనుకుంటే అడిగి, సరేనంటేనే దిగండి. వాళ్ళ ఊరికి మనం అతిథులం.

మందు విషయం సూటిగా చెబుతాను. రాత్రి ఎక్కువ తాగితే తెల్లారి ఏడింటికి ఒంట్లో ఇంకా ఉంటుంది. ముందున్నది పాడేరు ఘాట్. నా మాట వింటే రైడ్ మొత్తం మందు లేకుండా పెట్టుకోండి. ఒప్పుకోని స్నేహితులుంటే తాళాలు స్వీప్ చేతిలో పెట్టాలి, ఉదయం తలనొప్పితో లేచిన మనిషి బండి నడపకూడదు, గుంపు అతని కోసం మధ్యాహ్నం దాకా ఆగాలి. ఈ షరతు ముందే అందరికీ చెప్పండి.

పాడేరు దగ్గరున్న వంజంగి కొండ మీంచి మేఘాలు చూడాలనే కోరిక చాలామందికి ఉంటుంది. దానికి తెల్లారకముందే కొండ కిందకు చేరాలి. అరకు నుంచి మూడున్నరకి లేచి, పొగమంచులో 45 కిలోమీటర్లు గుంపుగా పోవడం మంచిది కాదు. వంజంగి చూసి తీరాలంటే శనివారం రాత్రి పాడేరులోనే బస పెట్టుకోండి.

ఆదివారం: పాడేరు, ఆ తర్వాత దిగుడు

ఎండ కాస్త ఎక్కాక, ఎనిమిదింటికి బయలుదేరండి. డుంబ్రిగుడ వైపు చాపరాయి దారిలోనే వస్తుంది. బండల మీద నీళ్ళు పల్చగా కనిపిస్తాయి కానీ నాచు బాగా జారుతుంది. రైడింగ్ బూట్లతో బండల మీదకు వెళ్ళొద్దు. హుకుంపేట మీదుగా పాడేరు. 2022 ఏప్రిల్లో ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఇదే కేంద్రం. మోదకొండమ్మ గుడి చూసుకుని, ఏదైనా తేలిగ్గా తిని, కడుపునిండా బిర్యానీ మాత్రం కిందికి దిగాక పెట్టుకోండి. తిన్న నిద్రమత్తుతో ఘాట్ దిగకూడదు.

పాడేరు ఘాట్ ఇరుకు, వంపులు దగ్గరదగ్గరగా ఉంటాయి, అడవి చిక్కగా ఉంటుంది. దిగేటప్పుడు పాత డ్రైవర్లు చెప్పే సూత్రం ఒకటే: ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు. సెకండ్‌లో వదిలేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకులు మలుపు ముందు వేగం దించడానికి మాత్రమే. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆపి దిగేవాళ్ళున్నారు. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే ఇంజిన్‌కు పెట్రోలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్ వల్ల మిగిలేదేమీ లేదు, ఇంజిన్ పట్టు పోతుంది, బ్రేకులు కాలిపోతాయి.

బ్రేకు అదేపనిగా తొక్కిపెట్టి ఉంచకండి. కాస్త గట్టిగా పట్టి, వేగం తగ్గగానే వదిలేయండి, చల్లబడే వ్యవధి దొరుకుతుంది. దిగుడులో బరువంతా ముందుకు పడుతుంది కాబట్టి వెనక చక్రం తొందరగా లాక్ అయి జారుతుంది. ఏబీఎస్ (బ్రేకు పట్టినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లేని బండ్ల మీద ఉన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ముందు, వెనక బ్రేకులు కలిపి, మెల్లగా ఒత్తిడి పెంచుతూ వాడాలి. లివరు మెత్తగా లోపలికి పోతున్నట్టనిపిస్తే, లేదా కాలిన వాసన వస్తే, గేర్లు దించి రెండో బ్రేకుతో ఆగండి. అరగంట చల్లారనివ్వండి. వేడి డిస్క్ మీద నీళ్ళు పోయకండి, వంకరపోతుంది.

వెనక కూర్చున్నవాళ్ళకు కూడా పని ఉంది. బండి వంగినప్పుడు వాళ్ళూ దాంతోపాటు వంగాలి, భయపడి ఎదురువైపు ఒరగకూడదు. దిగుడులో నడిపేవాళ్ళ మీదకు జారకుండా సీటు వెనకుండే కడ్డీని (గ్రాబ్ రెయిల్) ఒక చేత్తో పట్టుకుని, మోకాళ్ళతో సీటును బిగించి కూర్చోవాలి. ఆ బరువు నడిపేవాళ్ళ చేతుల మీద పడితే పావుగంటలో మణికట్లు లాగేస్తాయి.

ఎవరైనా పడితే

ముందుగా మిగతా బండ్లు ప్రమాదం జరిగిన చోట గుమిగూడకుండా చూడాలి. ఇద్దరు పైనా కిందా మలుపులకు అవతల నిలబడి వచ్చే బండ్లను ఆపాలి. పడ్డవాళ్ళను వెంటనే లేపి కూర్చోబెట్టకండి, నీళ్ళు తాగించకండి. మాట్లాడుతున్నారా, మెడ నొప్పి ఉందా, కాళ్ళు చేతులు కదులుతున్నాయా అడగండి. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ తీయొద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. 108కో 112కో ఫోన్ చేయాలి. సిగ్నల్ లేకపోతే ఒకరు పైకో కిందికో వెళ్ళి, దొరికిన చోట చేయాలి. అందుకే దారిలో సిగ్నల్ చివరిసారి ఎక్కడుందో స్వీప్ గుర్తుపెట్టుకుంటూ ఉండాలి. అరకులో, పాడేరులో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. వేరేవాళ్ళు పడి ఉన్నా ఆగి సాయం చేయండి. సాయం చేసినవాళ్ళ మీద కేసులు రాకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో రక్షణ చేర్చారు.

చిన్నగా పడి లేచి, ఏం కాలేదు పదండి అనే మనిషిని వెంటనే బండెక్కించకండి. అరగంట కూర్చోబెట్టి చూడండి. తల తిరగడం, వాంతి, మాట తడబడటం ఉంటే ఆసుపత్రికే. ఏమీ లేకపోయినా మిగతా ఘాట్‌ను వెనక సీట్లో దిగనివ్వండి, అతని బండి ఇంకొకరు తీసుకొస్తారు.

మాడుగుల నుంచి ఇంటికి

కొండ దిగాక మాడుగుల వస్తుంది. హల్వాకు పేరున్న ఊరు, అందరూ ఇంటికి కొనుక్కుంటారు. ఇక్కడ అరగంట ఆగడం హల్వా కోసం మాత్రమే అనుకోకండి. ఘాట్ అయిపోయిందనే ఊరటతో మనసు సడలిపోతుంది, రోడ్డు తిన్నగా కనబడగానే చెయ్యి తిప్పేస్తుంది. చోడవరం మీదుగా విశాఖ దారిలో గేదెలు, ఆటోలు, అడ్డదారుల్లోంచి వచ్చే సైకిళ్ళు, చెరకు కాలంలో బండి నిండా చెరకుతో ట్రాక్టర్లు ఉంటాయి. వాటి వెనక లైట్లు ఉండవు. అందుకే చీకటి పడకముందే సిటీ చేరేలా పాడేరులో టైం చూసుకోవాలి.

లెక్కలు మాడుగులలోనే తేల్చుకోండి. పెట్రోలు ఎవరిది వారిది, గది, తిండి సమానం, దారిలో వాడిన ట్యూబు, కేబుల్ ఖర్చు ఆ బండి వాళ్ళది. సిటీలోకి వచ్చాక గుంపు కట్టుకుని పోనక్కర్లేదు, ఎవరి దారిన వాళ్ళు చీలిపోవచ్చు. కానీ ఇల్లు చేరిన ప్రతివాళ్ళూ వాట్సాప్‌లో ఒక మాట పెట్టాలి. చివరి మెసేజ్ వచ్చేదాకా స్వీప్ ఫోన్ పక్కన పెట్టకూడదు. ఎవరిదైనా గంట దాటినా రాకపోతే కాల్ చేయాలి, ఎత్తకపోతే కాగితం మీద ఉన్న ఇంటి నంబరుకు చేయాలి.